జ్ఞానదంతం చిగురు మాటిమాటికీ వాస్తోంది, సీఆర్‌పీ కూడా పెరిగింది, పన్ను తీయించేయాలా?

మీరడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. వయసు 26, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నారు, కింద కుడివైపు జ్ఞానదంతం సగం పైకొచ్చి ఆగిపోయింది, ఎనిమిది నెలల్లో చిగురు వాయడం ఇది మూడోసారి, మూడుసార్లూ మెడికల్ షాపులో అడిగి టాబ్లెట్లు మింగారు. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో సీఆర్‌పీ (ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షనో వాపో ఉంటే పెరిగే రక్తపరీక్ష) 14 అని వచ్చింది, నెట్‌లో చూస్తే పంటి ఇన్ఫెక్షన్ గుండెకి పాకుతుందని రాశారు, ఎప్పుడూ నీరసంగా కూడా ఉంటోంది, మరి ఇదంతా ఆ పన్ను పనేనా, తీయిస్తే పోతుందా అని. ఇంట్లో అమ్మగారేమో పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది వద్దంటున్నారట.

ముందు సూటిగా చెప్పేస్తా. పన్ను తీయించుకోండి, మూడోసారి వాచిందంటే ఇంక ఆలోచించేది లేదు. సీఆర్‌పీ 14 రావడానికి ఆ చిగురు కారణం అయ్యుండొచ్చు, చెకప్ రోజుకి వాపు ఉంటే చాలావరకు అదే. కానీ నీరసం మొత్తం తీసుకెళ్లి ఆ పన్ను మీద పెట్టకండి, గుండె గురించి ఇవాళ్టికి భయపడకండి. పన్ను తీశాక ఒక ఆరు వారాలు ఆగి సీఆర్‌పీ మళ్లీ చేయించండి, అప్పటికీ తగ్గకపోతే అది పంటి డాక్టరు పని కాదు, ఫిజీషియన్ పని.

నేను ఓరల్ సర్జన్‌ని, హిందూపురం దాన్ని, బెంగళూరు ఈ తూర్పు వైపే పదహారేళ్లుగా ప్రాక్టీసు. నా దగ్గరికొచ్చే జ్ఞానదంతాల్లో సగానికి సగం మన తెలుగు పిల్లలవే, పీజీల్లో ఉంటూ రాత్రి పన్నెండుకి తిని బ్రష్ చేయకుండా పడుకునే బ్యాచ్. తిడుతున్నానని అనుకోకండి, పీజీ చేసేటప్పుడు పరీక్షల ముందు నాకూ ఇదే వాచింది, నేనూ మీలాగే రెండుసార్లు టాబ్లెట్లతో నెట్టుకొచ్చి మూడోసారికి మా సీనియర్ చేత పీకించుకున్నా.

అసలు అక్కడేం జరుగుతుందో చెప్తే మిగతాది మీకే తెలిసిపోతుంది. పన్ను సగం బయటికి, సగం చిగురు కింద ఉంటుంది కదా, ఆ పైన మిగిలిన చిగురు ముక్క ఒక మూతలా కప్పి ఉంటుంది. మూతకీ పంటికీ మధ్య ఒక సంచి. అందులోకి తిండి పోతుంది, బ్రష్ పోదు. గాలి ఆడని చోటు కాబట్టి గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అక్కడ కాపురం పెడతాయి. మేం చేసేదేంటంటే, మొన వంచిన మొద్దు సూది సిరంజికి పెట్టి, ఆ మూత కింద సెలైన్ కొడతాం. మొదటి సిరంజికి తెల్లగా పెరుగు తరకల్లాంటిది వస్తుంది, వాసన వస్తే పక్కనున్న అసిస్టెంట్ కూడా మొహం తిప్పుకుంటుంది, రెండో సిరంజికి కొంచెం నెత్తురు, మూడోదానికి నీళ్లు తేటగా వస్తాయి. ఒకసారి ఒకబ్బాయికి అలా కొడితే ఆవాల పొట్టు, జామకాయ గింజ ఒకటి బయటికొచ్చాయి, జామకాయ తిని పది రోజులైందట. ఇంకొకాయనకి పాప్‌కార్న్ పొట్టు. కాంగ్రెస్ కడ్లెకాయ, అదే బెంగళూరు మసాలా వేరుశనగ, పప్పు ముక్కలైతే లెక్కలేనన్ని తీశాను. అలా కడిగేశాక చాలామందికి సాయంత్రానికే సగం నొప్పి తగ్గిపోతుంది, ఒక్క యాంటీబయాటిక్ కూడా రాయకుండానే.

ఇక్కడే మీరు పట్టుకోవాల్సిన విషయం. టాబ్లెట్ నెత్తురులో తిరుగుతుంది, ఆ సంచిలో ఇరుక్కున్న చెత్తలో నెత్తురు తిరగదు. చిగురులోకి వెళ్లిన ఇన్ఫెక్షన్‌ని మందు తగ్గిస్తుంది, సంచి అలాగే ఉంటుంది, చెత్త అలాగే ఉంటుంది, రెండు నెలలకి ఆఫీసు రిలీజ్ వచ్చి నాలుగు రోజులు నిద్ర లేకపోయినా, జలుబు చేసినా మళ్లీ వాస్తుంది. మన ఇళ్లల్లో వేడి చేసింది అంటారు. వేడి కాదు కానీ, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడే వాస్తుందని పెద్దవాళ్లు గమనించింది మాత్రం కరెక్టే. షాపులో మీకిచ్చింది ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ స్ట్రిప్ అని రాశారు. మోషన్స్‌కి అడిగినా అదే ఇస్తారు, పంటికి అడిగినా అదే ఇస్తారు, అదో సర్వరోగ నివారిణి అయిపోయింది మన దేశంలో. జ్వరం, మొహం వాపు, నోరు తెరుచుకోకపోవడం, దవడ కింద బిళ్ల కట్టడం, ఇలాంటివి ఉంటేనే యాంటీబయాటిక్ అవసరం, అది కూడా డాక్టరు చూసి అమాక్సిసిలినో మెట్రోనిడజోలో కొద్ది రోజులకి రాస్తారు. మెట్రోనిడజోల్ వాడుతూ వీకెండ్ కదా అని బీరు తాగొద్దు, వాంతులు పట్టుకుంటే మళ్లీ పంటి డాక్టర్నే తిట్టుకుంటారు.

ఇంకోటి, చాలామంది చూడనిది. పైన జ్ఞానదంతం కిందకి దిగి ఆ వాచిన చిగురుని కొరుకుతోందేమో చూడాలి. వాపు పెరిగేకొద్దీ పై పన్ను గుచ్చుకుంటుంది, గుచ్చుకునేకొద్దీ వాపు పెరుగుతుంది. అలాంటి కేసుల్లో నేను ముందు పై పన్ను తీసేస్తా, ఐదు నిమిషాల పని, అదే రోజు తేడా తెలుస్తుంది. కింది దాన్ని వాపు దిగాక నిదానంగా తీస్తాం.

ఇప్పుడు సీఆర్‌పీ సంగతి. అది కాలేయంలో తయారయ్యే ప్రోటీన్, 1930లోనే కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, రేగినా అక్కడి కణాలు ఐఎల్-6 లాంటి సిగ్నల్స్ నెత్తురులోకి వదులుతాయి, కాలేయం ఆ సిగ్నల్ అందుకుని సీఆర్‌పీ వదులుతుంది. ఆరేడు గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకి గరిష్టానికి వెళ్తుంది. కారణం పోతే దాదాపు 19 గంటలకోసారి సగానికి పడుతూ వస్తుంది. ఇది వీధిలో ఎక్కడో పొగ వస్తోందని మోగే బెల్లు లాంటిది అంతే, ఏ ఇంట్లోనో చెప్పదు. జలుబు, మూత్రంలో ఇన్ఫెక్షన్, సిగరెట్లు, పొట్ట చుట్టూ కొవ్వు, ఇన్నిటికీ పెరుగుతుంది.

ఇంకో చిన్న విషయం, రిపోర్ట్‌లో యూనిట్ చూశారా? కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాములు అని ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకి ఇస్తాయి, రెండిటికీ పది రెట్లు తేడా. లీటరుకి 14 అయితే మామూలు ఇన్ఫెక్షన్ రేంజే. డెసీలీటరుకి 14 అయితే అది 140 కింద లెక్క, అంత ఉంటే ఈ మెసేజ్ చదువుతూ కూర్చోకూడదు, ఇవాళే డాక్టర్ని కలవాలి. గుండె రిస్క్ కోసం చూసే హెచ్ఎస్-సీఆర్‌పీలో లీటరుకి 1 లోపు తక్కువ రిస్క్, 3 దాటితే ఎక్కువ అంటారు, కానీ 10 దాటితే ఆ లెక్కకే పనికిరాదు, ఎక్కడో ఇన్ఫెక్షనో మంటో ఉంది, అది తగ్గాక మళ్లీ చేయించమని రూలు. కాబట్టి చిగురు వాచిన వారంలో తీసిన 14 పట్టుకుని గుండెకి ముడిపెట్టడం తప్పు. మీ చెకప్ తారీఖు, వాపు తారీఖు పక్కపక్కన పెట్టి చూడండి.

మరి చిగురుకీ గుండెకీ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది, కాకపోతే యూట్యూబ్‌లో చెప్పినంత లేదు. నోరంతా చిగుళ్ల జబ్బు ముదిరి పళ్లు కదిలే స్టేజీలో ఉన్నవాళ్లకి పుండు పడిన చిగురు లోపలి భాగం మొత్తం కలిపి 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని ఒక అంచనా. అంత పచ్చిపుండు చేతి మీద ఉంటే ఊరుకుంటామా? అలాంటివాళ్లలో సీఆర్‌పీ ఎప్పుడూ కొంచెం ఎక్కువగా ఉండటం, షుగర్ కంట్రోల్ కాకపోవడం, గుండెజబ్బులు ఎక్కువగా కనపడటం నిజమే. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 120 మంది మీద చేసిన స్టడీ వచ్చింది, చిగుళ్లు గట్టిగా క్లీన్ చేసిన మర్నాడు సీఆర్‌పీ ఇంకా పెరిగింది, రక్తనాళాల పనితీరు కూడా కాస్త తగ్గింది, కానీ ఆరు నెలలకి చూస్తే రక్తనాళాలు ముందుకంటే బాగా పనిచేశాయి. కాకపోతే 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అన్నీ చూసి చెప్పింది ఏంటంటే, రెండిటికీ సంబంధం కనిపిస్తోంది గానీ చిగుళ్ల జబ్బు వల్లే గుండెజబ్బు వస్తుందని రుజువు లేదు అని. సిగరెట్, షుగర్ రెండూ అటు చిగురునీ పాడుచేస్తాయి, ఇటు గుండెనీ పాడుచేస్తాయి కదా, దాంట్లో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. పైగా మీది నోరంతా జబ్బు కాదు, బొటనవేలి గోరంత చోటు, అది కూడా వచ్చి పోయేది.

ఒంట్లో రోగాలన్నీ పళ్ల మీదకి తోసే ఈ పిచ్చి కొత్తది కూడా కాదు. 1891లో మిల్లర్ అనే ఆయన ఒంట్లో రోగాలకి నోరే మూలం కావచ్చని రాశాడు, 1910లో హంటర్ అనే డాక్టర్ మాంట్రియల్‌లో దాని మీద పెద్ద లెక్చర్ ఇచ్చాడు, ఆ తర్వాత ఓ ముప్ఫై ఏళ్లపాటు కీళ్ల నొప్పులకీ, ఆఖరికి మతిస్థిమితం లేనివాళ్లకీ కూడా పళ్లు పీకేశారు. పళ్లు పోయాయి, రోగాలు అలాగే ఉన్నాయి. అందుకే ఎవరైనా పన్ను తీస్తే నీరసం గ్యారంటీగా పోతుంది అంటే నేను ఒకడుగు వెనక్కేస్తా.

వేయడం నేర్చుకున్నా అనడం కరెక్టు, ఎందుకంటే ఒకప్పుడు ఆ మాట నేనే అన్నాను. 31 ఏళ్ల అమ్మాయి, టెస్టింగ్‌లో జాబ్, జ్ఞానదంతం చిగురు మూడుసార్లు వాచింది, సీఆర్‌పీ 22, ఒళ్లంతా నీరసం. అచ్చం మీ కథే. పన్ను తీసేస్తే అన్నీ సర్దుకుంటాయమ్మా అని ధైర్యంగా చెప్పేశా. తీశాం, గాయం చక్కగా మానింది. ఆరు వారాలకి సీఆర్‌పీ 24. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే చెప్పింది, పొద్దున లేచాక గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయని, కుక్కర్ మూత తీయలేక పక్క రూము అమ్మాయిని పిలుస్తోందని. ఆ ప్రశ్న నేను మొదటిరోజే అడగాల్సింది. రుమటాలజిస్ట్ దగ్గరికి పంపితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం, అని తేలింది. ఇప్పుడు మందులతో బాగానే ఉంది, కానీ నా నోటి దూల వల్ల ఆ పిల్లకి ఆరు వారాలు పోయాయి. అందుకే మిమ్మల్నీ అడుగుతున్నా. పొద్దున్నే కీళ్లు పట్టేస్తున్నాయా, సాయంత్రం పూట సన్న జ్వరం వస్తోందా, బరువు తగ్గుతున్నారా, రెండు వారాలు దాటిన దగ్గు ఉందా? ఒక్కదానికి అవును అన్నా పంటి కోసం ఆగకుండా ఫిజీషియన్‌ని కలవండి. ఇవేవీ లేకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ రిపోర్టులో ఎలా ఉన్నాయో చూసుకోండి. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తే వచ్చే నీరసానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

సరే, గుండె సంగతి వదిలేయండి, నేను నిజంగా భయపడేది ఇంకో దానికి. ఇన్ఫెక్షన్ కిందకి, మెడలోకి దిగడానికి. మదనపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడుపుకునే ఒకాయన, నలభై దాటాయి, తొమ్మిది రోజులు నొప్పి మాత్రలు, ఎవరో చెప్తే వేడి కాపడం, అలా లాక్కొచ్చాడు. నా దగ్గరికొచ్చేసరికి నోట్లో ఒక్క వేలు మాత్రమే పడుతోంది, గదమ కింద చెయ్యి పెడితే చెక్కలా గట్టిగా ఉంది, ఉమ్మి కూడా మింగలేక కర్చీఫ్‌లో తుడుచుకుంటున్నాడు. అక్కడే వేలు గుచ్చి షుగర్ చూస్తే 380. ఆయనకి షుగర్ ఉందని అప్పటిదాకా ఆయనకే తెలియదు. నేను అక్కడ ఏమీ ముట్టుకోలేదు, ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కి అంబులెన్స్‌లో పంపించా, రాత్రికి రాత్రి మెడ దగ్గర కోసి చీము తీశారు, ఇన్సులిన్ పెట్టారు, బతికి బయటపడ్డాడు. దీన్నే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు, 1836లో వర్ణించిన జబ్బు, పేరులో ఆంజైనా ఉన్నా గుండెతో సంబంధం లేదు, ఊపిరి దారి మూసుకుపోవడమే దీని ప్రమాదం. ఇన్ఫెక్షన్ వల్లే షుగర్ పెరిగిందేమో కదా అని వాళ్లావిడ అడిగింది. ఇన్ఫెక్షన్ షుగర్‌ని పెంచుతుంది నిజమే, కానీ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఆయనకి 11 ఉంది, తొమ్మిది రోజుల వాపు అంత చేయలేదు. షుగర్ ముందు నుంచే ఉంది, చిగురు దాన్ని బయటపెట్టింది.

కాబట్టి ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి: నోరు తెరిస్తే మీ మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సింది ఒక్కటే పడుతుండటం, గుటక వేయలేకపోవడం, నాలుక పైకి లేచినట్టు ఉండి మాట ముద్దగా రావడం, గదమ కింద గట్టి వాపు, చలి పెట్టి జ్వరం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం. ఇవి ఉన్నప్పుడు ఇంట్లో పుక్కిలిస్తూ కూర్చుంటే పని జరగదు.

ఇవేవీ లేకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్లే లోపు గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించండి, తినగానే తప్పకుండా. చిన్నపిల్లల బ్రష్ కొనుక్కుని నొప్పి ఉన్నా ఆ చివరి దాకా మెల్లగా తోమండి, నొప్పి అని ఆ వైపు వదిలేయడం వల్లే ఇంకా ముదురుతుంది. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ రోజుకి రెండుసార్లు, వారం మించొద్దు, మించితే పళ్లకి గోధుమరంగు మరకలు పడతాయి. బయట బుగ్గ మీద వేడి కాపడం వద్దు. లవంగం నమిలి అక్కడ దోపడం, పసుపు అద్దడం, ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టడం, ఇవేవీ వద్దు, ఆస్పిరిన్ పెడితే చిగురు తెల్లగా కాలిపోయి వచ్చినవాళ్లు నాకు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. నొప్పికి డోలో చాలు, చాలకపోతే తిన్నాక ఐబుప్రోఫెన్, అది కూడా అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా లేకపోతేనే. అయితే బెంగళూరులో వానలు పట్టాక ఒక మెలిక ఉంది, జ్వరం కూడా ఉంటే అది పంటిదో డెంగ్యూదో తెలియదు, టెస్టు చేయించేదాకా ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు.

తీయించుకోవడం గురించి. మొదటిసారి మామూలుగా వాస్తే నేను కూడా తీయను, కడిగి పంపించేస్తా. బ్రిటన్‌లో 2000లో ఎన్‌ఐసీఈ అనే సంస్థ ఇచ్చిన గైడ్‌లైన్ కూడా అంతే, ఏ ఇబ్బందీ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో పీకొద్దు, మొదటి వాపు తీవ్రంగా లేకపోతే ఆగొచ్చు, రెండోసారి నుంచి తీయడం సబబు. మీది మూడు. పై చిగురు ముక్క మాత్రం కోసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు, పన్ను నిటారుగా ఉండి రావడానికి చోటుంటే సరే, లేకపోతే ఆ చిగురు మళ్లీ పెరుగుతుంది, డబ్బు దండగ. ముందు ఓపీజీ, అంటే పళ్లన్నీ ఒకే ఫొటోలో కనిపించే ఎక్స్‌రే తీయిస్తారు, అందులో మీ పన్ను నంబరు 48 (మా డాక్టర్ల లెక్కలో కింద కుడివైపు జ్ఞానదంతం), దాని వేళ్లు దవడ నరానికి ఎంత దగ్గరున్నాయో చూస్తారు, మరీ దగ్గరగా కనిపిస్తే సీబీసీటీ అనే 3డీ స్కాన్ అడుగుతారు, అది దోపిడీ కాదు. ఆ నరం నలిగితే కింది పెదవి తిమ్మిరిగా ఉంటుంది, చాలామందికి వారాల్లో నెలల్లో పోతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది, ఈ మాట ముందే చెప్పని సర్జన్ దగ్గర చేయించుకోకండి. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడుతుంది కాబట్టి 26లో తీయడం 40లో తీయడం కంటే సులువు. ఖర్చు ఏరియాని బట్టి మారిపోతుంది, ఇబ్బందైతే మార్కెట్ వైపు ఫోర్ట్ దగ్గర గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, పొద్దున్నే వెళ్లి క్యూలో నిలబడాలి గానీ పని నేర్చినవాళ్లే చేస్తారు. తీశాక మూడు నాలుగు రోజులు వాపు మామూలే, సిగరెట్ మాత్రం వారం ముట్టొద్దు, గడ్డకట్టిన నెత్తురు ఊడిపోయి ఎముక బయటపడితే ఆ నొప్పి ముందు ఇప్పటి నొప్పి ఎందుకూ పనికిరాదు. ఆ వారంలో సీఆర్‌పీ చేయించి కంగారుపడకండి, గాయం ఉంది కాబట్టి ఎలాగూ పెరిగే ఉంటుంది.

గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్) వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకి మాత్రం పన్ను తీసే ముందు ఒక డోసు యాంటీబయాటిక్ తప్పనిసరి, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి.

ఇక అమ్మగారి కంటిచూపు సంగతి. కింది పంటికి వచ్చే నరం వేరు, చూపు నరం వేరు, రెండూ మెదడు దగ్గర కూడా వేరువేరు దారులే. చూపు తగ్గే వయసులోనే పళ్లు కూడా పీకించుకుంటారు కాబట్టి రెండిటికీ లంకె పెట్టేశారు మనవాళ్లు. మా అమ్మ కూడా ఇదే అనేది. ఆవిడ దవడ పళ్లు మూడు నేనే తీశాను, ఇవాళ్టికీ ఇంట్లో సూదిలో దారం ఎక్కించేది ఆవిడే, క్యాటరాక్ట్ ఆపరేషన్ అయ్యాకే లెండి.